వట్టివేరూ, సామర్లకోట దొరా

వేసవి రాగానే మంచినీళ్ల కుండలో గుప్పెడు వట్టివేళ్లు వేయందే నాకు తోచదు. మా చోడవరంలో చాలా ఇళ్లలో ఇంతే. ఏటి ఒడ్డున, చిత్తడి నేలల్లో పెరిగే ఆ గడ్డిని మిగతా మొక్కలతో పాటు పుస్తకంలోకి ఎక్కించిన ఒక దొర మన సామర్లకోటలో పన్నెండేళ్లు ఉన్నాడంటే ఆశ్చర్యం కదూ! ఆయన పేరు విలియం రాక్స్‌బర్గ్.

1751లో స్కాట్లాండులో పుట్టాడు. 1776లో మద్రాసు వచ్చి కంపెనీ కొలువులో వైద్యుడిగా చేరాడు. 1781లో సామర్లకోట చేరాక రోగుల మాటేమో గానీ, మొక్కల మీదే ధ్యాస! మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క తెచ్చి తోట వేశాడు. 1787 ఉప్పెనలో పుస్తకాలు, కాగితాలు పోయాయి. అదే మనకైతే నెల్లాళ్లు మంచం దిగం. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఆ తర్వాత కోస్తాలో భయంకరమైన కరువొచ్చింది. జనం ఆకలితో పోవడం కళ్లారా చూసి, కొబ్బరి లాంటి చెట్లు విరివిగా నాటించమని కంపెనీ వారికి రాశాడు.

మొక్కల బొమ్మలు గీసింది మాత్రం మన చిత్రకారులు. కోరమాండల్ మొక్కల పుస్తకంలో మూడు వందల బొమ్మలున్నాయి, వాళ్ల పేర్లే లేవు. ఇది నాకు మింగుడు పడదు.

1793లో కలకత్తా తోటకి వెళ్లాడు. 1815లో ఎడింబరోలో పోయాడు. వట్టివేరు ఉన్న పెద్ద గ్రంథం పూర్తిగా అచ్చయింది 1832లో.

ఆ గడ్డికి ఇంకో గుణం ఉందని ఆయనకి తెలీదు పాపం. సీసం, జింకు, కాడ్మియం నేలలో చేరితే కుళ్లవు, ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. వట్టివేరు అలాంటి నేలలోనూ బతుకుతుంది. మూడు మీటర్ల దాకా దిగే వేళ్లతో మట్టిని పట్టి ఉంచి, ఆ లోహాలను చాలావరకు వేళ్లలోనే దాచుకుంటుంది. ఆకుల్లోకి కొంచెమే పోనిస్తుంది. అందుకే చైనా, ఆస్ట్రేలియాల్లో గనుల వ్యర్థాల గుట్టల మీద దీన్ని నాటారు. తుంగ, జమ్ము కూడా కొంతవరకు ఇదే పని చేస్తాయి.

అయితే ఒకటండీ. అలా పెరిగిన వేళ్లు కుండలోకి పనికిరావు. విషమంతా వాటిలోనే కదా ఉంది!

మొన్న సంతలో కట్ట కొంటూ, ఇవి ఏ నేలలో తవ్వారయ్యా అనడిగాను. అతను నా వంక వింతగా చూసి, ఏటి గట్టునే తల్లీ అన్నాడు. ఏ ఏరో అడిగేలోపే ఇంకో బేరం వచ్చింది.