గుండెకు దారి చూపిన డాక్టర్ వెర్నర్ ఫోర్స్‌మన్

స్టెంట్ అనే మాట ఇప్పుడు మన ఊళ్లలో కొత్త కాదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక కూలినాలి చేసుకునే ఇళ్లలోనూ అది వినబడుతోంది. ఛాతీ కోయకుండా, తొడ దగ్గరో మణికట్టు దగ్గరో చిన్న రంధ్రం చేసి, రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని గుండె వరకు పంపుతారు. ఆ గొట్టాన్నే క్యాథెటర్ అంటారు. ఇప్పుడు ఆ దారిలో స్టెంట్లే కాదు, అలసిపోయిన గుండెకు సాయంగా రక్తాన్ని తోడే చిన్న పంపులు కూడా వెళ్తున్నాయి. ఈ దారిని తన శరీరం మీదే పరీక్షించి, ఎక్స్‌రే సాక్ష్యంతో లోకానికి చూపినవారు జర్మనీకి చెందిన డాక్టర్ వెర్నర్ ఫోర్స్‌మన్. ఆయన జీవితంలో మనం నేర్చుకోవలసింది ఉంది, నిలదీయవలసిందీ ఉంది. రెండూ చెప్పాలనే ఈ చిన్న వ్యాసం రాస్తున్నాం.

ఫోర్స్‌మన్ 1904 ఆగస్టు 29న బెర్లిన్‌లో జన్మించారు. తండ్రి న్యాయవాది. మొదటి ప్రపంచ యుద్ధానికి సైనికుడిగా వెళ్లి 1916లో మరణించారు. అప్పటికి ఫోర్స్‌మన్ ఇంకా బడిపిల్లవాడే. తల్లి ఉద్యోగం చేసి కుటుంబాన్ని నెట్టుకొచ్చారు. ఆయన బెర్లిన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, 1929లో బెర్లిన్‌కు దగ్గరలోని ఎబర్స్‌వాల్డె అనే చిన్న పట్టణంలో ఆస్పత్రిలో చేరారు. చేరినప్పుడు పేరూ లేదు, పలుకుబడీ లేదు.

ఆ రోజుల్లో గుండెను తాకాలంటేనే డాక్టర్లు భయపడేవారు. ప్రాణం పోతున్న రోగికి గుండెలోకి మందు ఎక్కించాలంటే ఛాతీలోంచి సూది గుచ్చేవారు. అది గుండెను గాయపరిచే ప్రమాదం ఉంది. ఫోర్స్‌మన్‌కు చదువుకునే రోజుల్లో చూసిన ఒక బొమ్మ గుర్తుంది. 19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు గుర్రం మెడలోని సిర గుండా గుండెలోకి గొట్టం పంపి, లోపలి పీడనాన్ని కొలిచారు. గుర్రానికి ఏమీ కాలేదు. మరి మనిషికి మాత్రం ఎందుకు కావాలి? చేతిలో పారే సిర కూడా చివరికి గుండెకే కదా చేరేది అని ఆయన ఆలోచించారు.

పెద్ద డాక్టరును అనుమతి అడిగితే ఆయన ఒప్పుకోలేదు. రోగుల మీద వద్దన్నారు, సొంత ఒంటి మీద కూడా వద్దన్నారు. అయినా ఫోర్స్‌మన్ ఆగలేదు. ఆపరేషన్ పరికరాలు నర్సు గెర్డా డిట్జెన్ అధీనంలో ఉండేవి. తర్వాత జరిగింది ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు. తన ఆలోచనను ఆమెకు వివరించి ఒప్పించారు. ప్రయోగం తన మీదే చేయమని ఆమె ధైర్యంగా ముందుకు వచ్చారు. ఆయన సరేనన్నట్టు ఆమెను బల్ల మీద పడుకోబెట్టి కట్టేసి, తన ఎడమ మోచేతి దగ్గర మత్తు సూది వేసుకుని, సిర తెరిచి, మూత్రనాళానికి వాడే సన్నని గొట్టాన్ని అందులోకి తోసుకున్నారు. సంగతి తెలిసి ఆమెకు కోపం వచ్చింది. ఆ తర్వాత గొట్టం ఒంట్లో ఉండగానే ఇద్దరూ కలిసి మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచారు. తెర మీది నీడను అద్దంలో చూసుకుంటూ ఆయన 65 సెంటీమీటర్ల గొట్టాన్ని లోపలికి పంపి, దాని కొన కుడి కర్ణికలో ఉండగా ఎక్స్‌రే తీయించుకున్నారు.

1929 నవంబరులో ఈ ప్రయోగం ఒక జర్మన్ వైద్య పత్రికలో అచ్చయింది. మెచ్చుకోలు రాలేదు సరికదా, బెర్లిన్‌లోని పేరుమోసిన శారిటే ఆస్పత్రిలో ఆయనకు చోటు నిలవలేదు. పెద్దలు దాన్ని గారడీగా చూశారు. కొన్ని పరీక్షలు చేసిన తర్వాత ఆయన ఈ పనే వదిలేసి మూత్రకోశ వ్యాధుల వైద్యుడిగా మారారు.

ఇక్కడ దాచకుండా చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఫోర్స్‌మన్ 1932లో నాజీ పార్టీలో చేరారు. హిట్లర్ అధికారానికి రాకముందే చేరి, 1945 వరకు అందులోనే ఉన్నారు. అది మనిషి విలువను పుట్టుకను బట్టి కట్టిన పార్టీ. 1933 నుంచి యూదు డాక్టర్లను ఆస్పత్రుల నుంచి వెళ్లగొట్టింది, తర్వాత లక్షలాది మందిని చంపింది. పుట్టుకను బట్టి మనిషిని దూరం పెట్టడం ఎలా ఉంటుందో మన తాతలు అనుభవించారు. అందుకే ఈ విషయాన్ని ఒక వాక్యంలో దాటేసి పోలేము. ఏ జాతివాడి చేతిలో సిర తెరిచినా దారి గుండెకే వెళ్తుందని అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆయన. ఆ జ్ఞానం ఆయన మనస్సాక్షిని మేల్కొలపలేదు. చదువు ఒకటే మనిషిని మంచివాణ్ణి చేయదని మనం ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి.

యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేసి అమెరికా సైన్యానికి పట్టుబడ్డారు. విడుదలయ్యాక నాజీ సభ్యత్వం కారణంగా కొన్నేళ్లు వైద్యం చేయనివ్వలేదు. 1950 నుంచి బాట్ క్రోయిట్స్‌నాక్ అనే చిన్న పట్టణంలో వైద్యం చేసుకున్నారు. ఈలోగా న్యూయార్క్‌లో ఆండ్రే కుర్నాండ్, డికిన్సన్ రిచర్డ్స్ అనే ఇద్దరు డాక్టర్లు ఆయన వ్యాసం ఆధారంగా 1940ల్లో క్యాథెటర్ పద్ధతిని రోజువారీ పరీక్షగా నిలబెట్టారు. 1956లో ఆ ఇద్దరితోపాటు ఫోర్స్‌మన్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. ప్రయోగానికీ బహుమతికీ మధ్య 27 ఏళ్లు గడిచాయి. 1979 జూన్ 1న ఆయన గుండెజబ్బుతోనే మరణించారు.

ఆయన వెళ్లింది సిర గుండా గుండె కుడివైపుకు. తర్వాతివారు ధమని గుండా ఎడమవైపుకు పంపును తీసుకెళ్లారు. అమెరికా డాక్టర్ రిచర్డ్ వాంప్లర్ ఈజిప్టులో రైతులు ఆర్కిమెడిస్ మరతో నీళ్లు తోడడం చూసి, రక్తాన్ని కూడా అలా తోడవచ్చనుకున్నారు. ఆయన రూపొందించిన హీమోపంపును 1988లో హ్యూస్టన్‌లో మొదటిసారి మనిషికి అమర్చారు. దాని మోటారు ఒంటి బయట ఉండేది. పొడవైన తీగ తిరుగుతూ లోపలి మరను తిప్పేది. తర్వాత జర్మనీలోని ఆహెన్‌లో పుట్టిన ఇంపెల్లాలో మోటారే లోపలికి వెళ్లింది. బోరుబావిలో దించే సబ్‌మెర్సిబుల్ మోటారును తలచుకుంటే ఇది మనకు సులువుగా అర్థమవుతుంది. ఇంపెల్లా 2.5 అనే రకం లావు సుమారు 4 మిల్లీమీటర్లు. తొడ ధమని నుంచి బృహద్ధమని మీదుగా ఎడమ జఠరికలోకి చేరి, నిమిషానికి 2.5 లీటర్ల వరకు రక్తాన్ని తోడి బృహద్ధమనిలో పోస్తుంది.

పంపు సన్నగా ఉంటేనే దారిలో పడుతుంది. సన్నగా ఉంటే నిమిషానికి వేలసార్లు తిరిగితే తప్ప చాలినంత రక్తం రాదు. అంత వేగంగా తిరిగితే ఎర్ర రక్తకణాలు చితికిపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండానూ చూడాలి, మోటారులోకి పోకుండానూ చూడాలి. ఇంజనీర్ల కష్టమంతా ఇక్కడే ఉంది. తీవ్రమైన గుండెపోటుతో రక్తపోటు పడిపోయిన 355 మంది మీద జరిపిన పరిశీలన ఫలితాలు 2024లో వచ్చాయి. 180 రోజుల్లో మామూలు చికిత్స పొందినవారిలో 58.5 శాతం మంది మరణించగా, పంపు అమర్చినవారిలో 45.8 శాతం మంది మరణించారు. అయితే పంపు పెట్టినవారిలో రక్తస్రావం, కాలికి రక్తం అందకపోవడం వంటి ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. పని ఇంకా మిగిలే ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఫోర్స్‌మన్ లాగా సొంత ఒంటి మీద ప్రయోగాలు చేయమని మేము చెప్పడం లేదు. నమ్మిన మనిషిని కట్టేసి మోసగించడమూ మెచ్చదగింది కాదు. కానీ పాఠ్యపుస్తకంలోని బొమ్మను పరీక్ష కోసం మాత్రమే చూడకుండా, ఇది మనిషికి ఎలా పనికొస్తుందని ఆయన అడిగారు చూడండి, ఆ ప్రశ్న మనది కావాలి. ఈ పని డాక్టర్లదే కాదు, నర్సులదీ, మోటార్లు చేసే ఇంజనీర్లదీ, టెక్నీషియన్లదీ కూడా. మన హాస్టల్ నుంచి ఎవరైనా ఈ దారిలోకి వెళితే మాకు గర్వకారణం. అక్కడికి చేరాక మాత్రం, బల్ల మీద ఉన్న రోగి ఎవరి బిడ్డ అని అడగకండి.