వీణ ధనమ్మాళ్

పేరుకు ముందు ఊరి పేరో, ఇంటి పేరో చేర్చుకోవడం మన వాడుక. ధనమ్మాళ్‌కు మాత్రం ఆమె వాయించిన వాద్యమే ఇంటి పేరయింది.

ఆమె 1867వ సంవత్సరంలో మద్రాసులో, నేటి జార్జిటౌన్ ప్రాంతంలో జన్మించింది. అమ్మమ్మ కామాక్షి తంజావూరు ఆస్థానంలో నర్తకి. తల్లి సుందరమ్మాళ్ మంచి గాయని. శ్యామశాస్త్రి కుమారుడు సుబ్బరాయశాస్త్రి వద్ద ఆమె సంగీతం నేర్చుకొన్నది. ఇటువంటి ఇంట పుట్టిన ధనమ్మాళ్‌కు సంగీతమే ఉగ్గుపాలయింది. సాత్తనూరు పంచనదయ్యరు ఆమెకు ముత్తుస్వామి దీక్షితుల కృతులు నేర్పాడు. అంధుడైన బాలదాసు నాయుడు క్షేత్రయ్య పదాలు నేర్పాడు.

క్షేత్రయ్య కృష్ణా జిల్లాలోని మువ్వ గ్రామానికి చెందినవాడు. పదిహేడవ శతాబ్దంలో మువ్వగోపాలుని పేర తెలుగులో పదాలు రచించాడు. తంజావూరు నాయకరాజుల ఆదరణ వల్ల అవి తమిళదేశంలో స్థిరపడ్డాయి. ధనమ్మాళ్ నాటికి ఆ పదాల రాగభావం తాళపత్రాలలో కంటె పాడేవారి గొంతులలోనే ఎక్కువగా నిలిచి ఉన్నది. పాడేవారు లేకపోతే మాటలు మిగులుతాయి, పాట పోతుంది.

పదం చౌకకాలంలో నడుస్తుంది. తొందరపడితే దాని అందం చెడుతుంది. వీణకు ఇరవైనాలుగు మెట్లు, ఏడు తంతులు ఉంటాయి. తంతిని మెట్టుపై పక్కకు లాగితే ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారుతూ గమకం పలుకుతుంది. చాలామంది వైణికులు వేళ్ళకు తీగతో చేసిన గోళ్ళు తొడుక్కొంటారు. ధనమ్మాళ్ అవేవీ లేకుండా తన గోళ్ళతోనే మీటేది. అందువల్ల నాదం మెత్తగా వచ్చేది. వాయిస్తూనే సన్నని గొంతుతో పాడేది. ఏది వీణ, ఏది గొంతు అని విడదీయడం కష్టమయ్యేది.

శుక్రవారం సాయంత్రం ఆమె ఇంట్లో కచేరీ జరిగేది. పక్కన మృదంగం ఉండేది కాదు. పేరుమోసిన విద్వాంసులు సైతం వచ్చి నిశ్శబ్దంగా కూర్చొని వినేవారు. అంతటి మెత్తని నాదానికి చిన్న చప్పుడైనా అడ్డమే గదా! సంగీతనాట్యాలే వృత్తిగా గల స్త్రీలను ఆనాటి సంఘం చిన్నచూపు చూసేది. వారి కళ కావాలి, వారికి గౌరవం ఇవ్వడానికి మాత్రం మనసు రాదు. అటువంటి రోజుల్లో పెద్దలు ఆమె గడప తొక్కి వినడం సామాన్య విషయం కాదు.

ధనమ్మాళ్ జీవితం సుఖంగా సాగలేదు. చివరి సంవత్సరాల్లో చూపు పోయింది, పేదరికం చుట్టుముట్టింది. 1938 అక్టోబరు 15న ఆమె మరణించింది.

అప్పటికే ఆమె సంపద కుమార్తెలకు, వారి పిల్లలకు చేరింది. మనుమరాళ్ళు బృంద, ముక్త క్షేత్రయ్య పదాలను అదే నడకతో పాడారు. మరొక మనుమరాలు బాలసరస్వతి ఆ పదాలకు అభినయం పట్టేది. తల్లి జయమ్మాళ్ పాడుతూ ఉండగా బాలసరస్వతి ఆడేది. విదేశాలలో కూడా ఆమె నాట్యం చేసింది. బాలసరస్వతికి 1973లో, బృందకు 1976లో సంగీత కళానిధి బిరుదు లభించింది. ధనమ్మాళ్ వాయించిన వీణ 1930లనాటి కొద్దిపాటి గ్రామఫోను రికార్డులలో నేటికీ వినవచ్చు.