కథ కట్టడంలో మేటి పింగళి సూరన
నంద్యాల ప్రభువుకు అంకితమైన కళాపూర్ణోదయం

నంద్యాల, ఆళ్లగడ్డ: నవల అనే మాట తెలుగులోకి రావడానికి సుమారు మూడు వందల ఏళ్ల ముందే, నవలకు కావలసిన కథానిర్మాణాన్ని పద్యకావ్యంలో సాధించిన మహాకవి పింగళి సూరన. ఆ కావ్యమే కళాపూర్ణోదయం. దానిని అంకితం పొందిన వ్యక్తి నంద్యాల ప్రభువు కృష్ణమరాజు. నవలలు రాయాలని, సినిమాలకు కథలు కూర్చాలని ఉబలాటపడే యువతీయువకులు ఈ సీమలో నేడు ఎందరో ఉన్నారు. ఏ సంగతిని ఎప్పుడు చెప్పాలి, దేనిని ఎంతవరకు దాచాలి అన్నదే వారందరికీ ఎదురయ్యే చిక్కు. ఆ చిక్కును 16వ శతాబ్దిలోనే విడదీసి చూపిన కవి నంద్యాల కొలువుతో ముడిపడినవాడు కావడం ఈ ప్రాంతానికి గర్వకారణం.

కవి వంశం, రచనలు

సూరన తల్లిదండ్రులు అబ్బమాంబ, అమరనామాత్యుడు. పూర్వీకులలో ఒకరికి పేకి అనే భూతం ఊడిగం చేసిందన్న ఐతిహ్యం ఆ వంశంలో ఉంది. సూరనను అష్టదిగ్గజ కవులలో ఒకరిగా లెక్కించడం సంప్రదాయం. అయితే శ్రీకృష్ణదేవరాయలు మరణించిన 1529 తరువాతి కాలంలోనే ఆయన ప్రతిభ పూర్తిగా వెలుగు చూసింది. నంద్యాల సమీపంలోని కానాల గ్రామాన్ని సూరన పేరుతో ముడిపెట్టి చెప్పుకోవడం ఇక్కడి వాడుక.

ఆయన రచించిన గరుడపురాణం నేడు లభించడం లేదు. రాఘవపాండవీయంలో ప్రతి పద్యమూ రామాయణ కథగానూ, భారత కథగానూ అన్వయిస్తుంది. రెండర్థాల కావ్యాన్ని నాలుగు ఆశ్వాసాలు నడిపిన కవికి పండిత లోకంలో ఇక వేరే పరీక్ష అక్కరలేదు. అదే బాటలో సాగి ఉంటే కీర్తికి లోటు ఉండేది కాదు. కానీ కృష్ణమరాజు కోసం కావ్యం రాసే తరుణంలో సూరన కష్టమైన దారినే ఎంచుకున్నారు. పురాణ ప్రసిద్ధమైన ఇతివృత్తాన్ని విడిచి, సొంతంగా కల్పించిన కథను ఎనిమిది ఆశ్వాసాలుగా విస్తరించారు. నారదుడు, రంభ వంటి తెలిసిన పేర్లు అందులో ఉన్నా వారికి జరిగే కథ మాత్రం కొత్తది. తెలిసిన కథలో శ్రోత దారి తప్పడు. కల్పిత కథలో ఒక్క ముడి జారినా కావ్యమంతా చెదిరిపోతుంది. సూరన ఒడ్డిన పందెం అది.

ముడి వేయడం, విప్పడం

కావ్యానికి పేరిచ్చిన కళాపూర్ణుడు కథ చాలా దూరం నడిచిన తరువాతే పుడతాడు. అంతవరకు పాఠకుణ్ని నడిపించేది పాత్రల కోరికలే. ద్వారకలోని కలభాషిణి నలకూబరునిపై మనసుపడి రంభ రూపం ధరిస్తుంది. గంధర్వుడైన మణికంధరుడు నలకూబరుని రూపం ధరిస్తాడు. ఫలితంగా ఇద్దరు రంభలు ఎదురెదురుగా నిలిచి తగవులాడుకునే ఘట్టం వస్తుంది. ఈ తికమక యాదృచ్ఛికంగా పుట్టలేదు. ఎవరి ఆశ వారిని అక్కడికి చేర్చింది. కథలో మలుపు పాత్ర మనసులోంచి రావాలన్న పాఠం ఇందులో ఉంది.

రెండవ పాఠం వస్తువుకు సంబంధించినది. ద్వారకలో శ్రీకృష్ణుడు మణికంధరునికి బహూకరించిన రత్నహారం చేతులు మారుతూ కళాపూర్ణుని కొలువుకు చేరుతుంది. అందులోని మణి పసిపాప మధురలాలస ఎదను తాకగానే ఆమెకు పూర్వజన్మ స్మృతి కలుగుతుంది. కలభాషిణే ఈ జన్మలో మధురలాలస. అంతదాకా విడివిడిగా కనిపించిన సంఘటనలన్నీ ఆమె మాటలతో ఒక్కటవుతాయి. మొదట అలంకారంగా కనిపించిన హారమే చివరకు తాళంచెవి అయింది.

మూడవది సుగాత్రి, శాలీనుల ఉపకథ. నిండుగా అలంకరించుకొని వచ్చిన భార్యను శాలీనుడు దగ్గరకు తీయడు. ఆమె నగలు తీసి పక్కనపెట్టి, తోటపనిలో తనతో కలిసి శ్రమించినప్పుడే అతని మనసు కరుగుతుంది. దంపతుల అంతరంగాన్ని వర్ణనలతో కాక చేతలతో చూపిన ఘట్టమిది.

అన్నిటికీ మూలం బ్రహ్మ సరస్వతికి వినోదంగా చెప్పిన కథే. ఆ కథే భూమిపై జరుగుతుంది. కథ చెప్పేవాడు కూడా కథలో భాగమేనని సూరన ఆనాడే నిరూపించారు.

ఆళ్లగడ్డ శిల్పుల పనితనం చూసినవారికి ఈ రహస్యం సులభంగా బోధపడుతుంది. తొలి ఉలిదెబ్బ పడకముందే విగ్రహం కొలతలు శిల్పి మనసులో ఖాయమై ఉండాలి. చెక్కేసిన రాయి తిరిగి అతకదు. ముగింపు తెలియకుండా మొదటి ఆశ్వాసం రాయడం సూరనకూ సాధ్యమయ్యేది కాదు.

తరువాతి తరాల గుర్తింపు

సూరన తన తరువాతి కావ్యం ప్రభావతీప్రద్యుమ్నాన్ని తండ్రికి అంకితమిచ్చారు. ప్రద్యుమ్నుడు నటుని వేషంలో వజ్రనాభుని పురంలో ప్రవేశించే ఈ కథను సంభాషణల బలంతో నాటకంలా నడిపించారు.

1914లో కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారములో కళాపూర్ణోదయ కథాసంవిధానాన్ని విశ్లేషించి సూరనకు కొత్త గుర్తింపు తెచ్చారు. పండితుల మధ్య వాదోపవాదాలు చెలరేగాయి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల ఆంగ్లానువాదం 2002లో అమెరికాలో వెలువడింది.

2022లో నంద్యాల కేంద్రంగా జిల్లా ఏర్పడింది. ఆ నంద్యాల పేరును సాహిత్యంలో శాశ్వతం చేసిన కావ్యాన్ని ఇక్కడి యువ రచయితలు చేతపట్టవలసి ఉంది. పద్యాలు కఠినంగా తోస్తే వచనంలోని కథాసారంతోనైనా ఆరంభించవచ్చు. ఏ ఆశ్వాసంలో ఏ సంగతి బయటపడిందో, ఏది దాగి ఉందో ఒక కాగితంపై రాసుకుంటూ చదివితే చాలు. ఎనిమిదో ఆశ్వాసం ముగిసేసరికి ఆ కాగితమే కథారచనకు పాఠ్యగ్రంథమవుతుంది.