ఫ్రెడరిక్ డగ్లస్ : బానిసత్వమును, వర్ణద్వేషమును ఎదిరించిన మహనీయుడు

బానిసత్వమును చట్టముచే ఒక్క దినమున రద్దు చేయవచ్చును. కాని మనుష్యుల మనస్సులలో పాతుకొనిపోయిన వర్ణద్వేషమును అట్లు రద్దు చేయుట సాధ్యము కాదు. ఒక ద్వారమున వెడలగొట్టిన, అది మాఱువేషముతో వేఱొక ద్వారమున లోనికి వచ్చుచుండును. ఈ సత్యమునకు అమెరికా చరిత్రయందు ఫ్రెడరిక్ డగ్లస్ జీవితమును మించిన నిదర్శనము అరుదు.

డగ్లస్ 1818వ సంవత్సరమున మేరీలాండు రాష్ట్రమునందు ఒక బానిస స్త్రీకి జన్మించెను. బానిసల బిడ్డలకు జన్మదినము వ్రాసియుంచు ఆచారము లేనందున, తాను పుట్టిన దినమేదో ఆయనకు కడవఱకును తెలియలేదు. తండ్రి తెల్లవాడని జనులు చెప్పుకొనుచుండిరి. తల్లి హారియెట్ బెయిలీ సుమారు పండ్రెండు మైళ్ల దూరమున వేఱొక పొలమున పని చేయుచుండెను. పగటి పని ముగిసిన పిదప ఆమె చీకటిలో నడచివచ్చి, బిడ్డను ప్రక్కన పరుండబెట్టుకొని, తెల్లవారక మునుపే మరలిపోయెడిది. బాలునకు ఏడేండ్లు నిండు నాటికి ఆమె మరణించెను.

ఎనిమిదేండ్ల ప్రాయమున ఆ బాలుని బాల్టిమోరు నగరమందలి హ్యూ ఆల్డ్ అనువాని యింటికి పంపిరి. ఆ యింటి యిల్లాలు సోఫియా జాలి గలదై అక్షరములు నేర్పదొడగెను. అది తెలిసి భర్త మండిపడెను. చదువు వచ్చిన బానిస బానిసగా నిలువడని ఆతడు భార్యను మందలించి ఆ చదువు మాన్పించెను. ఆ మందలింపే బాలునకు మొదటి పాఠమైనది. యజమాని దేనికి భయపడుచున్నాడో అదియే తన విముక్తికి మార్గమని ఆతడు గ్రహించెను. నాటినుండి రొట్టెముక్కలు వెంట గొనిపోయి, వీధిలోని పేద తెల్లపిల్లలకు పెట్టి, బదులుగా పాఠములు చెప్పించుకొనెను. ఓడలు కట్టు చోట వడ్రంగులు దుంగలపై వ్రాయు గుర్తులను చూచి వ్రాత నేర్చెను. పదమూడేండ్ల వయస్సున, తాను కూడబెట్టిన యాబది సెంట్లతో ఉపన్యాసముల సంకలనమొకటి కొని, దానిని పలుమారులు చదివెను.

1838 సెప్టెంబరు 3వ తేదీన డగ్లస్ నావికుని వేషము ధరించి, స్వతంత్రుడైన ఒక నల్లజాతి నావికుని పత్రమును చేతబట్టి, బాల్టిమోరులో రైలెక్కెను. ఒక దినము గడువక మునుపే న్యూయార్కు చేరెను. ఆయన తప్పించుకొనుటకు తోడ్పడిన అన్నా మరే అచటికి వచ్చి ఆయనను వివాహమాడెను. పట్టుబడు భయముచే బెయిలీ అను ఇంటిపేరు విడిచి డగ్లస్ అను పేరు పెట్టుకొని, మసాచుసెట్స్ రాష్ట్రమందలి న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణమున కాపురము పెట్టెను.

ఆ రాష్ట్రమున బానిసత్వము లేదు. వర్ణద్వేషము మాత్రము కలదు. ఓడ పలకల సందులను నారతో పూడ్చి నీరు చొరకుండ చేయు పనిలో డగ్లస్ నేర్పరి. కాని నల్లవాడు ఆ పనికి వచ్చినచో తాము మానివేయుదుమని తెల్ల పనివారు పట్టుబట్టిరి. అందుచే రోజుకు రెండు డాలర్లు రాదగిన చోట, ఆయన ఒక్క డాలరుకు కూలిపని చేయవలసివచ్చెను. 1841లో ఉపన్యాసకుడై ఊరూర తిరుగుచున్నప్పుడు, తెల్లవారి రైలుపెట్టెలో కూర్చున్నందుకు పలువురు ఆయనపై బడి లాగిరి. ఆయన పట్టు విడువనందున ఆసనముతో సహా పెకలించి బయట పడవైచిరి.

1845లో ఆయన తన జీవితకథను ప్రకటించెను. అది ఎల్లెడల ప్రచారమగుటచే మరల పట్టుబడు ప్రమాదము కలిగి ఇంగ్లండుకు వెడలెను. అచటి మిత్రులు ధనము చెల్లించి 1846లో ఆయనకు చట్టరీత్యా స్వాతంత్ర్యము కొనిపెట్టిరి. మరుసటి యేట రాచెస్టర్ నగరమునుండి సొంత పత్రికను వెలువరించెను.

ఆ నగరముననే 1848లో, తొమ్మిదేండ్ల కుమార్తె రొసెట్టాను రుసుము చెల్లించి బాలికల పాఠశాలలో చేర్చెను. ఆమెను వేఱు గదిలో ఒంటరిగా కూర్చుండబెట్టిరి. డగ్లస్ నిలదీయగా ప్రధానోపాధ్యాయురాలు బాలికల అభిప్రాయము నడిగెను. వారు ఆమె తమతో కూర్చుండుటకు సంతోషముగా అంగీకరించిరి. అంతటితో తృప్తిపడక ఆమె తల్లిదండ్రులను సైతమడుగగా, వారిలో ఒక్కడు కాదనెను. ఆ ఒక్కని మాటపై రొసెట్టా పాఠశాల విడువవలసివచ్చెను. పసిపిల్లల మనస్సున లేని ద్వేషమును పెద్దలే నాటుచున్నారని ఈ ఉదంతము తేటపఱచుచున్నది. డగ్లస్ ఊరకుండక, ఆ నగరపు ప్రభుత్వ పాఠశాలలలో వేర్పాటు 1857లో తొలగువఱకు పోరాడెను.

అంతర్యుద్ధము వచ్చినప్పుడు ఆయన నల్లజాతి యువకులను సైన్యమునకు పిలిచి, తన యిద్దరు కుమారులను పంపెను. తెల్ల సైనికునకు నెలకు పదమూడు డాలర్లు ఈయగా, నల్లవానికి పది డాలర్లు నిర్ణయించి, దుస్తులకై మూడు డాలర్లు తగ్గించుచుండిరి. 1863లో డగ్లస్ స్వయముగా అధ్యక్షుడు లింకనును కలిసికొని ఈ యన్యాయమును విన్నవించెను. మరుసటి యేట జీతములు సమానము చేయబడెను. అయినను 1865 మార్చిలో లింకను విందునకు పోగా రక్షకభటులు ఆయనను వాకిటనే అడ్డగించిరి. అధ్యక్షునకు కబురందిన పిదపనే లోనికి విడిచిరి.

ఆ సంవత్సరముననే బానిసత్వము రద్దయ్యెను. 1870 నాటికి నల్లజాతి పురుషులకు ఓటుహక్కు సైతము రాజ్యాంగమున చేరెను. కాని 1883లో దేశపు అత్యున్నత న్యాయస్థానము, సత్రములందును, నాటకశాలలందును, వాహనములందును సమాన ప్రవేశము కల్పించిన చట్టమును కొట్టివేసెను. మొదటి భార్య మరణానంతరము 1884లో తెల్లజాతి స్త్రీయగు హెలెన్ పిట్స్‌ను వివాహమాడినందుకు ఆయన ఉభయ జాతులవారి నిందలకును గురియయ్యెను. దక్షిణ రాష్ట్రములలో నల్లవారిని మూకలు చిత్రవధ చేయుచుండగా, వృద్ధాప్యమును లెక్కింపక 1894లో దేశమును హెచ్చరించెను. 1895 ఫిబ్రవరి 20వ తేదీన స్త్రీల హక్కుల సభకు పోయివచ్చి ఆనాడే దివంగతుడయ్యెను.

మరుసటి యేట అదే న్యాయస్థానము, సౌకర్యములు సమానముగా నున్నచో వేర్పాటు తప్పు కాదని తీర్పు చెప్పెను. ఆ నీడ గ్రంథాలయములపై సైతము పడెను. 1939లో వర్జీనియా రాష్ట్రపు అలెగ్జాండ్రియా పట్టణమున అయిదుగురు నల్లజాతి యువకులు పౌర గ్రంథాలయమున సభ్యత్వమడిగిరి. లేదనగా పుస్తకములు తీసికొని మౌనముగా చదువుకొనసాగిరి. వారిని నిర్బంధించిరి. మరుసటి యేట ఆ పట్టణమువారు తమ తలుపు తెఱచుటకు బదులు, నల్లవారికి వేఱొక చిన్న గ్రంథాలయము కట్టించిరి. 1961లో మిసిసిపి రాష్ట్రపు జాక్సన్ నగరమున తొమ్మిదిమంది విద్యార్థులకును చదువుకొన్న నేరమునకే నిర్బంధము కలిగెను. 1964, 1965 సంవత్సరముల చట్టములు వేర్పాటును నిషేధించి ఓటుహక్కును కాపాడినవి. అయినను 2020లో మినియాపొలిస్ నగరమున జార్జ్ ఫ్లాయిడ్ ఒక పోలీసు అధికారి మోకాలి క్రింద ప్రాణములు విడిచినప్పుడు, ద్వేషము సమసిపోలేదని లోకము కన్నులార చూచినది.

చట్టము చేయవలసినది చట్టము చేయవలెను. మనస్సు మాఱుట మాత్రము చదువువలనను, వివేకమువలనను, ఇరుగుపొరుగువారు ఒక్కచోట కూర్చుండుటవలనను కలుగవలెను. ఒకనాడు రొట్టెముక్క నిచ్చి అక్షరము కొనిన బాలుని కథ గ్రంథాలయమునకు వచ్చు ప్రతివానికిని స్మరణీయము. ఏ వర్ణమువాడు, ఏ కులమువాడు వచ్చినను తలుపు తెఱచియుంచి, ఒకే బల్లయొద్ద చోటిచ్చు గ్రంథాలయమే ఆ మహనీయునకు తగిన స్మారకము.