కొండ మీద ఐదుగురు

1854 జనవరి 1. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఒంగోలు పక్కనున్న కొండ మీద ఐదుగురు మోకరించారు. అమెరికా మిషనరీ లైమన్ జువెట్, ఆయన భార్య, నెల్లూరు నుంచి వారి వెంట వచ్చిన ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ముగ్గురిలో జూలియా ఒకరు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ఆ ఉదయం వారు దేవుణ్ణి వేడుకున్నారు.

వారి పరిస్థితి చూస్తే అది అడగవలసిన ప్రార్థన కానే కాదు. 1813లో పుట్టిన జువెట్ 1849లో నెల్లూరు వచ్చారు. బాప్టిస్టు మిషన్ తెలుగు నేల మీద అడుగుపెట్టి అప్పటికే పుష్కరకాలం దాటినా విశ్వాసులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఫలితం లేని ఈ పని మూసేద్దామా అని 1853లో అమెరికాలో జరిగిన మిషన్ సభ చర్చించింది. పటంలో నెల్లూరు ఒంటరి చుక్కలా కనిపించేది. అందుకే దానికి ‘లోన్ స్టార్’, అంటే ఒంటరి నక్షత్రం, అనే పేరు వచ్చింది. ఉన్నదే ఉంటుందో ఊడుతుందో తెలియని రోజుల్లో జువెట్ కొత్త ఊరి కోసం ప్రార్థించారు. కొండ మీద నుంచి కింద ఒక స్థలం చూపించి, మిషన్ బంగళాకు అది బాగుంటుంది కదా అని జూలియాను అడిగారట.

జవాబు మరునాడు రాలేదు. మరుసటి ఏడాదీ రాలేదు. 1862లో ఆరోగ్యం చెడి జువెట్ అమెరికా వెళ్లారు. అక్కడ మళ్లీ మూసివేత మాటే. ఎవరూ పంపకపోయినా తాను తిరిగి వెళ్లి తెలుగువారి మధ్యనే బతుకుతానని, అవసరమైతే అక్కడే చనిపోతానని ఆయన తేల్చి చెప్పారు. మిషన్ తలొగ్గింది. జువెట్‌తో పాటు జాన్ క్లౌ అనే యువకుణ్ణి కూడా ఓడెక్కించింది. 1866లో క్లౌ ఒంగోలు చేరారు. కొండ మీద ప్రార్థనకు అప్పటికి పన్నెండేళ్లు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. జువెట్ 1897లో కన్నుమూశారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు.

జువెట్‌కు భయం లేదని అనుకోనక్కరలేదు. కీర్తనకారుడు దావీదు కూడా తనకు భయం కలిగిన దినాన దేవుణ్ణి ఆశ్రయిస్తానన్నాడు గాని భయమే కలగదని అనలేదు (కీర్తన 56:3). విశ్వాసి భయంతోనే మోకరిస్తాడు, వాగ్దానాన్ని పట్టుకుని లేస్తాడు.

ఈ మాట మన బొగ్గు గనుల ప్రాంతంలో తేలికగా చెప్పేది కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు మరణించారు. ఆ ఇళ్లలోనూ ప్రార్థనలు చేసినవారు ఉండి ఉంటారు. వారి విశ్వాసం చాలలేదని అనడానికి మనకు ఏ అధికారమూ లేదు. నీళ్లు రావని దేవుడు ఎక్కడా వాగ్దానం చేయలేదు. నీళ్లలో బడి దాటేటప్పుడు తోడుగా ఉంటానని చేశాడు (యెషయా 43:2). జువెట్‌కు దొరికింది కూడా ఆ తోడే. పన్నెండేళ్లు ఆయనను నిలబెట్టింది అదే.

రాత్రి షిఫ్టుకు దిగిన మనిషి ఇల్లు చేరేవరకు కళ్లు మూతపడని తల్లులు, భార్యలు మన సంఘాల్లో ఎందరో. అమ్మా, మీ భయాన్ని దాచుకోకండి, దేవునితో చెప్పండి. పక్కింటివారిని పిలిచి కలిసి ప్రార్థించండి. కొండ మీద కూడా ఐదుగురే ఉన్నారు. వాగ్దానం చేసినవాడు నమ్మదగినవాడు (హెబ్రీ 10:23). ఆయన సమాధానం మీ ఇంటికి తోడుగా ఉండును గాక!