మందుల కొట్టే ఆయన ప్రయోగశాల

డిగ్రీ లేదు, పెద్ద కాలేజీలో చదివింది లేదు. అయినా మనం రసాయనశాస్త్రంలో చదివే ఆక్సిజన్, క్లోరిన్, సిట్రిక్ ఆమ్లం, గ్లిజరాల్... అన్నింటి వెనకా ఆయన పేరుంటుంది. ఆయనే కార్ల్ విల్‌హెల్మ్ షీలే.

1742లో, అప్పట్లో స్వీడన్ పాలనలో ఉన్న స్ట్రాల్‌సుండ్‌లో పుట్టారు. పదకొండు మంది సంతానంలో ఏడోవారు. పద్నాలుగేళ్లకే గోథెన్‌బర్గ్‌లో ఓ మందుల కొట్లో పనికి కుదిరారు. పగలు మందులు నూరడం, రాత్రి పుస్తకాలు ముందేసుకుని ప్రయోగాలు చేయడం... ఇదీ ఆయన చదువు. 1775లో రాయల్ స్వీడిష్ అకాడమీ ఆయనకు సభ్యత్వం ఇచ్చింది. అప్పటికీ ఆయన ఫార్మసీ పరీక్షే పూర్తి చేయలేదు!

గ్లిజరాల్ దొరికింది కూడా మందుల తయారీ పనిలోనే. పట్టీల మందు కోసం ఆలివ్ నూనెను లెడ్ ఆక్సైడ్‌తో, నీళ్లతో కలిపి కాచేవారు. అందరూ అడుగున మిగిలే ముద్దను తీసుకుని నీటిని పారబోస్తే, షీలే ఆ నీటినే మరిగించి చూశారు. చిక్కని, తియ్యటి ద్రవం మిగిలింది. 1783లో ఆ సంగతి ప్రకటించారు. కొవ్వుల్లోంచి వచ్చిన ఆ తీపి ద్రవం, మూడు హైడ్రాక్సిల్ సమూహాలున్న ఆల్కహాల్ అని తర్వాతి తరాలు తేల్చాయి. రంగూ వాసనా ఉండవు, నీటిలో ఇట్టే కలిసిపోతుంది, గాల్లోని తేమను పీల్చుకుంటుంది. అందుకే దగ్గు సిరప్‌ల నుంచి టూత్‌పేస్టుల దాకా అన్నింట్లో వాడుతున్నారు. ఇప్పుడు సబ్బు, బయోడీజిల్ తయారీలో ఉప ఉత్పత్తిగా వస్తోంది.

ఆయనకు కలిసిరానిది ఒక్కటే... ప్రచురణ. ఆక్సిజన్‌ను 1772 నాటికే తయారుచేసినా, పుస్తకం బయటికొచ్చేసరికి 1777 అయింది. ఈలోగా 1774లో ఇంగ్లండ్‌లో ప్రీస్ట్‌లీ అదే వాయువును కనుక్కుని, ముందుగా ప్రచురించేశారు. పేరు చాలాకాలం ఆయనకే దక్కింది.

షీలేకు మరో అలవాటుండేది. కొత్త పదార్థం ఏది దొరికినా రుచి చూసేవారు. పాదరసం, ఆర్సెనిక్ లాంటి విషాల మధ్య ఏళ్ల తరబడి పనిచేయడమే ఆరోగ్యాన్ని తినేసిందంటారు. 1786లో, 43 ఏళ్లకే షోపింగ్ పట్టణంలో కన్నుమూశారు.

ల్యాబ్‌లో అడుగుపెట్టే విద్యార్థులు ఆయన నుంచి నేర్చుకోవాల్సింది పారబోసే నీటినీ పరీక్షించే కుతూహలం. నేర్చుకోకూడనివి రెండు: రుచి చూడటం, రాయడం వాయిదా వేయడం. ప్రయోగం చేసిన రోజే, తేదీతో సహా రికార్డులో రాసేయండి.