మూసిన తలుపులు తెరిపించిన పాస్టరు – ఆండర్స్ కిడేనియస్

పాలకుల నిర్ణయాలు ప్రజల ఎదుట జరగాలని, పాలనా పత్రాలు ప్రజలు చూడదగినవై ఉండాలని నేడు మనం సహజంగానే కోరుతున్నాము. గ్రామసభలో జమా ఖర్చులు చదివి వినిపించమని అడిగే సాహసం మన పల్లెలలో ఇప్పుడిప్పుడే అలవాటవుతున్నది. అయితే ఈ హక్కు ఆకాశం నుండి ఊడిపడినది కాదు. ప్రపంచంలో మొట్టమొదటగా దీనిని చట్టంగా మలచిన దేశం స్వీడన్. ఆ చట్టం 1766 డిసెంబరు 2న వెలువడింది. దాని వెనుక నిలిచిన ముఖ్య పురుషుడు రాజవంశీయుడు కాడు, రాజధాని వాసి కాడు. రాజ్యానికి ఒక మూలన ఉన్న చిన్న పల్లెలో ఉపబోధకునిగా పనిచేసిన పాస్టరు. ఆయనే ఆండర్స్ కిడేనియస్. సరిహద్దున పుట్టి, సరిహద్దు ప్రజల కష్టం తెలిసి, ఆ కష్టానికి మందు వెలుతురేనని గ్రహించిన ఆ మహనీయుని జీవితం మనవంటి సరిహద్దు పల్లెల వారికి ప్రత్యేకంగా తెలుసుకోదగినది.

బాల్యం, విద్య

కిడేనియస్ 1729 ఫిబ్రవరి 26న సొట్కామో అనే గ్రామంలో జన్మించారు. ఆనాడు ఫిన్లాండ్ ప్రత్యేక దేశం కాదు. స్వీడన్ రాజ్యంలో తూర్పు భాగం. సొట్కామో ఆ తూర్పు భాగంలో కూడా అడవులు, సరస్సుల నడుమ ఉన్న మారుమూల ప్రాంతం. తండ్రి యాకోబ్ మత బోధకులు. ఉద్యోగరీత్యా ఆ కుటుంబం మరింత ఉత్తరాన ఉన్న కూసామోకు, అనంతరం బోత్నియా సింధుశాఖ తీరాన ఉన్న కొక్కోలా పట్టణానికి తరలింది. తుర్కు, ఉప్సాలా విశ్వవిద్యాలయాలలో చదివిన కిడేనియస్ 1753లో పట్టభద్రులై, అదే ఏడు కొక్కోలాకు సమీపంలోని నేదర్వేతిల్ గ్రామంలో ఉపబోధకునిగా చేరారు. అప్పటికాయన వయస్సు 24 సంవత్సరాలు. 1755లో బియాటా మగ్దలీనా మెల్‌బర్గ్‌ను వివాహమాడారు. వారికి సంతానం కలుగలేదు.

పల్లె పాస్టరు అనగా ఆదివారం ప్రసంగంతో సరిపెట్టుకొనేవాడు కాదాయన. చిత్తడి నేలలను బాగుచేసి సాగులోకి తెచ్చారు. మేలుజాతి గొర్రెలను పెంచారు. కొత్త పంటలు వేసి చూపారు. వైద్యుడు లేని ఆ ప్రాంతంలో స్వయంగా మందులు తయారు చేసి ఇచ్చారు. మశూచి రాకుండా నాటి పద్ధతిలో టీకాలు వేశారు. కంటి శుక్లాలు కూడా తొలగించారు. రైతుల ఇంటింటి సంగతి ఆయనకు తెలిసినది ఈ విధంగానే.

పాలన అంటే ఏమిటో కూడా ఆయనకు ఆ పల్లెలోనే బోధపడింది. ఆనాటి స్వీడన్‌లో ప్రతి చర్చి పరిధిలోను ఒక గ్రామసభ ఉండేది. దానికి పాస్టరు అధ్యక్షత వహించేవాడు. చర్చి మరమ్మతులు, బీదల పోషణ వంటి ఊరి వ్యవహారాలు భూమి గల రైతులందరూ కూర్చుని తేల్చుకొనేవారు. భూమి లేనివారికి, పనివారికి అందులో మాట లేకపోవడం పెద్ద లోపమే అయినా, ఊరి సొమ్ము ఊరివారి కళ్ళ ముందే లెక్కకు వచ్చేది. ఇందుకు పూర్తి విరుద్ధంగా, రాజధాని నుండి వచ్చే ఆజ్ఞలు మాత్రం చర్చి వేదిక మీది నుండి చదివి వినిపించడానికి తప్ప ప్రశ్నించడానికి వీలులేనివి. ఆ ఆజ్ఞను ఎవరు కోరారు, ఎవరు వ్యతిరేకించారు, ఏ కారణంతో నిర్ణయించారు అన్నది వినే రైతుకూ తెలియదు, చదివే పాస్టరుకూ తెలియదు.

తారు పీపాలు నేర్పిన పాఠం

ఆ తీర ప్రాంత ప్రజల ప్రధాన జీవనాధారం తారు. పైన్ చెట్ల కలపను కాల్చి తీసిన తారును ఓడల చెక్కలకు పూసేవారు. ఐరోపా నౌకలన్నింటికీ అది అవసరమే. కాని 1636 నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం బోత్నియా తీరంలోని పట్టణాలు విదేశాలతో నేరుగా వ్యాపారం చేయరాదు. సరుకును స్టాక్‌హోమ్ వంటి అనుమతి పొందిన రేవులకే చేర్చాలి. అక్కడి వర్తకులు ఎంత ధర కడితే అంతకు ఇచ్చి రావాలి. తిరిగి వచ్చేటప్పుడు ఉప్పు మొదలైనవి వారు చెప్పిన ధరకే కొనుక్కోవాలి. అడవిలో చెమటోడ్చినవాడు ఒకడు, లాభం తిన్నవాడు మరొకడు.

1763లో కొక్కోలాలో జరిగిన ప్రాంతీయ సమావేశంలో కిడేనియస్ ఈ అన్యాయాన్ని గట్టిగా ప్రస్తావించి, తీర పట్టణాలకు స్వేచ్ఛగా ఓడలు నడుపుకొనే హక్కు కావాలని వాదించారు. ఆ వాదన విన్నవారికి ఈయనే తమ గొంతు అనిపించింది. 1765లో స్టాక్‌హోమ్‌లో సమావేశమైన రిక్స్‌డాగ్ అనే శాసనసభకు ఆ ప్రాంతపు మతాచార్యుల ప్రతినిధిగా ఆయన ఎన్నికయ్యారు.

రాజధానిలో

ఆ సభలో ప్రభువులు, మతాచార్యులు, పట్టణ వర్తకులు, రైతులు అని నాలుగు వర్గాలుండేవి. రాజు అధికారం తగ్గి, సభ అధికారం పెరిగిన కాలమది. టోపీల పక్షం, కుల్లాయిల పక్షం అనే రెండు పక్షాలు పోటీపడేవి. ఆ ఏడు కుల్లాయిల పక్షం అధికారంలోకి వచ్చింది. కిడేనియస్ ఆ పక్షంతోనే కలిసి నడిచారు.

ఆయన చేతిలోని ఆయుధం కలమొక్కటే. రాజ్యం బలహీనపడడానికి కారణం కొందరు వర్తకులకు అనుకూలమైన నౌకా వ్యాపార శాసనమేనని ఒక చిన్న పుస్తకం వెలువరించి పెద్ద వర్తకుల ఆగ్రహానికి గురి అయ్యారు. జాతికి లాభం ఎట్లా చేకూరుతుందో వివరిస్తూ అదే 1765లో మరొక పుస్తకం రాశారు. ఆడం స్మిత్ సుప్రసిద్ధ గ్రంథం 1776లో వెలువడడానికి 11 సంవత్సరాల ముందే ఆర్థిక స్వేచ్ఛను గురించి ఆయన చేసిన వాదన అది. ఎట్టకేలకు 1765లోనే కొక్కోలాతో సహా కొన్ని తీర పట్టణాలకు విదేశీ వ్యాపారపు హక్కు లభించింది. వచ్చిన పని నెరవేరింది.

మరొకరైతే అంతటితో సంతోషించి ఇంటిదారి పట్టేవారే. కిడేనియస్ మాత్రం ఇంకొక ప్రశ్న వేసుకున్నారు. ఇంతటి అన్యాయం 129 సంవత్సరాలు ఎట్లా నిలిచింది? నిర్ణయాలు మూసిన తలుపుల వెనుక జరగడం వలన, వాటి పత్రాలు రహస్యం కావడం వలన, వాటిని విమర్శించే పుస్తకాన్ని ముందుగా ప్రభుత్వ పరిశీలకుడు చదివి అనుమతించవలసి ఉండడం వలన! పొరపాటు జరగడం వింత కాదు, అది దొరకకుండా దాచే ఏర్పాటే అసలు ప్రమాదమని ఆయన గ్రహించారు. అంతకు కొద్ది సంవత్సరాల ముందు, 1759లో, హెల్సింకిలో పుట్టిన పీటర్ ఫోర్స్‌కోల్ అనే యువ విద్వాంసుడు పౌర స్వేచ్ఛను గురించి ప్రచురించిన చిన్న పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించి, ప్రతులను వెనక్కు సేకరింపజేసిన సంగతి అందరికీ గుర్తున్నదే.

1766 చట్టం

ముద్రణా స్వేచ్ఛను పరిశీలించేందుకు నియమించిన సంఘంలో కిడేనియస్ అత్యంత శ్రద్ధగా పనిచేశారు. ముసాయిదాలో ఆయన చేయి ప్రధానమైనది. చైనా దేశంలో పాలకుల తప్పులను ఎత్తిచూపే సంప్రదాయం గురించిన ఒక రచనను కూడా స్వీడిష్ భాషలో ప్రచురించి సభ్యుల దృష్టికి తెచ్చారు.

చట్టం రెండు పనులు చేసింది. మొదటిది, మత గ్రంథాలు తప్ప ఇతర రచనలకు ముందస్తు పరిశీలనను రద్దు చేసింది. రెండవది ఇంకా లోతైనది. న్యాయస్థానాల తీర్పులు, అధికార కార్యాలయాల పత్రాలు, సమావేశాల కార్యవివరణలు కోరినవారికి చూపాలి, నకలు రాసుకోనివ్వాలి, అచ్చు వేసుకోనివ్వాలి. రాజ్య రక్షణ వంటి కొన్ని విషయాలు మాత్రమే మినహాయింపు. చూపడానికి నిరాకరించిన, అడ్డుపడిన అధికారి ఉద్యోగం కోల్పోవలసి ఉంటుంది. అప్పటివరకు పత్రం అధికారి సొత్తు, చూపడం ఆయన దయ. ఇక మీదట పత్రం ప్రజల సొత్తు, దాచాలంటే అధికారే కారణం చూపాలి. తలక్రిందులైనది ఇదే.

విచారకరమైన విషయమేమంటే, ఆ చట్టం వెలువడిన రోజున కిడేనియస్ సభలో లేరు. తన సొంత పక్షం చేపట్టిన నాణెపు విధానం ధరలను ఒక్కసారిగా పడగొట్టి ప్రజలను నష్టపరుస్తుందని ఆయన 1766లో ఒక పుస్తకం రాశారు. పక్షం సహించలేదు. సభ నుండి ఆయనను బహిష్కరించింది. తెరచిన చర్చ కోసం శ్రమించిన మనిషిని, తెరచి మాట్లాడినందుకే పంపివేశారు. ఆయన నేదర్వేతిల్‌కు తిరిగి వచ్చి తన పల్లె పనిలో మునిగిపోయారు.

తరువాతి జీవితం

1770లో కొక్కోలాలో ఒకప్పుడు తండ్రి నిర్వహించిన ప్రధాన బోధక పదవి ఆయనకు లభించింది. ఆ ఇంట సంగీత గోష్ఠులు కూడా నిర్వహించేవారు. 1772లో రాజు మూడవ గుస్తావ్ అధికారాన్ని తిరిగి తన చేతిలోకి తీసుకున్నాడు. 1774లో ముద్రణా స్వేచ్ఛ బాగా కుదించుకుపోయింది. కట్టిన గోడ కళ్ళ ముందే కూలినా కిడేనియస్ నిరాశ చెందలేదు. 1778లో తిరిగి సభకు వెళ్ళి, గ్రామసభలో గొంతు లేని పనివారి పక్షాన నిలిచారు. నచ్చిన యజమాని వద్ద, ఒప్పుకున్న జీతానికి పనిచేసే స్వేచ్ఛ వారికి ఉండాలని వాదించారు. ఇతర మతాల విదేశీయులకు ఆరాధనా స్వేచ్ఛ ఇవ్వాలని, స్వయంగా పాస్టరై ఉండి కూడా, ప్రతిపాదించారు. తోటి మతాచార్యులకు అది రుచించలేదు.

1803 ఫిబ్రవరి 1న, 73వ ఏట, ఆయన కొక్కోలాలో కన్నుమూశారు. ఆరు సంవత్సరాల తరువాత, 1809లో, ఫిన్లాండ్ రష్యా పాలనలోకి పోయింది. ఆయన దాటి వెళ్ళిన ఆ సింధుశాఖే రెండు రాజ్యాల సరిహద్దు అయింది. స్వీడన్‌లో ముద్రణా స్వేచ్ఛ చట్టం 1810లో మరల వచ్చింది. స్వతంత్ర ఫిన్లాండ్ 1951లో పాలనా పత్రాలను ప్రజలకు తెరిచే చట్టం చేసింది. 1986లో ఆ దేశపు వెయ్యి మార్కుల నోటు మీద కిడేనియస్ చిత్రాన్ని ముద్రించారు. నేడు ఆ రెండు దేశాలలోను పురపాలక మండలి సమావేశాలను సామాన్య పౌరుడు వెళ్ళి కూర్చుని వినవచ్చు. ఆయన సేవచేసిన కొక్కోలా నేటికీ ఫిన్నిష్, స్వీడిష్ రెండు భాషలూ అధికారికంగా చెల్లే పట్టణమే.

మన పల్లెలకు

మన దేశంలో 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చి గ్రామసభకు రాజ్యాంగ స్థానం కల్పించింది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ దానిలో సభ్యులే. 1994లో రాజస్థాన్‌లోని కోట్ కిరానా గ్రామంలో కూలి పట్టీలను, ఖర్చు లెక్కలను ప్రజల ఎదుట చదివి వినిపించిన బహిరంగ విచారణ దేశానికి దారి చూపింది. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుండి పూర్తిగా అమలులోకి వచ్చింది. స్వీడన్ చట్టానికి, దీనికి మధ్య 239 సంవత్సరాలు గడిచాయి. సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వాలని, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారి నుండి రుసుము తీసుకొనరాదని మన చట్టం చెబుతున్నది.

అయితే సరిహద్దున ఉన్న మనకు మరొక తలుపు కూడా ఉన్నది. అది భాష. పంచాయతీ తీర్మానాల పుస్తకం ఒకచోట కన్నడంలో, ఒకచోట తమిళంలో, మరొకచోట ఒడియాలో, మరాఠీలో ఉంటుంది. ఇంట తెలుగు మాట్లాడే పెద్దలు, ముఖ్యంగా మహిళలు, చదవలేని తీర్మానం క్రింద వేలిముద్ర వేసి రావడం మనం ఎరుగనిది కాదు. పుస్తకం తెరిచి ఉన్నా, చదవలేనివానికి అది మూసినదే. సమాచార దరఖాస్తును ఆంగ్లం, హిందీ లేదా ఆ ప్రాంతపు అధికార భాషలోనే ఇవ్వాలి. కనుక రాష్ట్ర భాష చదువుకున్న మన పిల్లలే ఇక్కడ కిడేనియస్ పాత్ర పోషించాలి. గ్రామసభకు ఇంటి పెద్దలతో వారు కూడా వెళ్ళాలి. తీర్మానాన్ని, జమా ఖర్చును చదివి తెలుగులో వివరించాలి. అర్థమైన తరువాతనే సంతకం చేయించాలి. అనుమానమున్న చోట నకలు కోరుతూ దరఖాస్తు రాసిపెట్టాలి.

ఇందులో ఎవరి మీదా కక్ష లేదు. ప్రజలు చూస్తున్నారని తెలిసిన అధికారి జాగ్రత్తగా పనిచేస్తాడు, నిజాయితీగా పనిచేసినవానికి నింద తప్పుతుంది. తన తీరానికి ఓడల హక్కు దొరికిన తరువాత కూడా ఊరుకోక, రాజ్యమంతటికీ వెలుతురు కావాలని పట్టుబట్టిన ఒక పల్లె పాస్టరు వలన లోకానికి ఈ దారి తెలిసింది. మన ఊరి తీర్మానాల పుస్తకం తెరిపించి చదివించుకోవడమే ఆయనకు మనం అర్పించగల నివాళి.